స్వరూప పడ్డదా?

మాఘం, రెండో వారం

పెద్ద పంపు నడిచింది. చిన్నదాని వాషర్ అరిగితే మార్చాను. ఊట నీళ్ళు సంపులో ఎర్ర గీతకు కిందనే ఉన్నాయి.

ఈ లాగ్ బుక్కులో ఇంతకు మించి రాయొద్దని నాకు పని నేర్పినాయన చెప్పేవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. దీన్ని తెరిచి చూసేవాళ్ళు లేరు. పంపు ఆగితేనే పంపు మనిషి ఊరికి గుర్తొస్తాడు. నడిచినన్నాళ్ళూ కింద మిగిలిన జాగాలో నాకు తోచింది రాసుకుంటే ఎవరికీ నష్టం లేదు.

ఇవాళ బియ్యం అయిపోయాయి. వంటశాల దగ్గర ఆఖరి గంజి పోశారు. ఎవరూ గొడవ చేయలేదు. గిన్నెలు వేలితో తుడుచుకుని నాకి, ఇంకేదో వస్తుందన్నట్టు కాసేపు అక్కడే నిలబడ్డారు. పైన ఎండ మనిషిని బతకనివ్వదు. వానలు పడే ఆ రెండు నెలలే మేం ఈ బొగ్గుబాయిలోంచి పైకెక్కి ఇంత వరి వేసుకునేది. పోయినేడు వాన చుక్క పడలేదు.

రేపటి నుంచి నాచు దిమ్మ. దీపాల కింద తొట్లలో పెంచే నాచును గీకి, ఉడికించి, ఇటుకల్లా ఒత్తుతారు. ఇన్నాళ్ళూ దాన్ని పందులకు వేసేవాళ్ళం. ఇప్పుడు పందులూ లేవు.

నా భార్య స్వరూప పనిచేసేది ఆ తొట్ల దగ్గరే. మోచేతుల దాకా ఆకుపచ్చ రంగుతో ఇంటికొస్తుంది. ఊరంతా దిగులుగా ఉంటే ఆమె మాత్రం గోరు సందులోని నాచును నాకుతూ, "దిమ్మ తింటే సస్తరా ఎవలన్న? నేను చిన్నప్పటి సంది తింటలేనా, గీకంగ గీకంగ నోట్లె ఏసుకుంట?" అన్నది.

ఫాల్గుణం

పంపులు రెండూ నడుస్తున్నాయి. నడిపేవాడికే కాళ్ళు వణుకుతున్నాయి.

దిమ్మ కడుపు నింపుతుంది, అంతే. ఎంత ఉడికించినా, ఎంత నూరినా, లోపలికి వెళ్ళింది వెళ్ళినట్టే బయటకొస్తోంది. అందరి బుగ్గలూ లోపలికి పోయాయి. నా ప్యాంటు తాడుతో కట్టుకుంటున్నాను. పక్క గదిలో ఉండే తబిత కడుపుతో ఉంది. ఆ పిల్ల చేతులు చూస్తే కర్రపుల్లలు, మధ్యలో పొట్ట ఒక్కటే గుండ్రంగా.

స్వరూప మాత్రం అలాగే ఉంది. అదే నడక, అదే గొంతు. జడ కూడా పల్చబడలేదు. జడంటే ఆమెకు ప్రాణం.

ఇవాళ కమిటీ వాళ్ళు నలుగురు మా గదికి వచ్చారు. పంపోడి పెండ్లాం బియ్యం దాచుకుని తింటోందని ఎవరో చెప్పారట. స్వరూప తలుపు బార్లా తీసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"సూడుండ్రి. మంచం కింద సూడుండ్రి. నా చీరెలు దులుపుండ్రి. ఇగో, ఈ తలగడ కోసి సూడుండ్రి, దూది మల్ల మీరే కుట్టియ్యాలె."

నిజంగానే తలగడ కోశారు. ఏమీ దొరకలేదు. వాళ్ళు వెళ్ళాక ఆమె దూది మధ్యలో కూర్చుని ఏడ్చింది. పెళ్ళయ్యాక ఆమె ఏడవడం నేను చూసింది రెండోసారో మూడోసారో.

ఫాల్గుణం, పున్నమి దాటాక

డాక్టర్ నిఖత్ గారు వచ్చారు. మా బాయి మొత్తానికి ఆమె ఒక్కతే డాక్టరు. మనిషి ఎముకల గూడులా ఉంది. వెతకడానికి రాలేదు.

"స్వరూపా, నువ్వు బియ్యం తింటలేవని నాకు తెలుసు. మరి నీకు దిమ్మ ఎట్లా అరుగుతోంది? అది కావాలి నాకు," అన్నది.

స్వరూప దొడ్డికి వెళ్ళినప్పుడు కొంచెం డబ్బాలో పట్టి ఇమ్మని అడిగింది. మా ఆవిడ మొహం చూడాలి అప్పుడు.

వారం తర్వాత కూడలి గల్లీలో అందర్నీ కూర్చోబెట్టి డాక్టరమ్మ చెప్పింది. నాచు మీద గట్టి పెంకు ఉంటుందట. దాన్ని విడగొట్టే శక్తి మన పేగులకు లేదు. స్వరూప పేగుల్లో ఒక సూక్ష్మజీవి ఉంది, అది విడగొడుతోంది. ఏళ్ళ తరబడి పచ్చి నాచు నోట్లో వేసుకోవడం వల్ల ఎప్పుడో ఆమెలో చేరి కాపురం పెట్టింది.

"అంటే క్రిమి గదా?" అని ఎవరో అడిగారు.

"క్రిమి అంటే మనకు చెడు చేసేది అని అర్థం వస్తుంది. సూక్ష్మజీవి అనండి. కంటికి కనపడనంత చిన్న ప్రాణి, అంతే. చెడు చేసేవీ ఉంటాయి, మేలు చేసేవీ ఉంటాయి, మన ఊసే పట్టనివీ ఉంటాయి. పేరులో మంచీ చెడూ ఏం లేదు."

మా బాయిలో క్రిమి అన్న మాట వింటేనే మనుషులు వెనక్కి జరుగుతారు. గాలి అందని చోట పక్కపక్కన బతికేవాళ్ళం, ఒకరికి దగ్గొస్తే గల్లీ అంతా దగ్గుతుంది. అందుకే ఆ కొత్త మాటను అందరూ ఒకసారి నోట్లో తిప్పి చూసుకున్నారు. ముసలివాళ్ళకు తిరగలేదు. సూచ్చమం అన్నారు, సుష్మ అన్నారు.

స్వరూప నా చెవిలో, "నా కడుపుల ఇంతమంది కాపురముంటున్నరా, ఒక్కలన్న కిరాయి కట్టరు," అని నవ్వింది.

చైత్రం, మొదట్లో

డాక్టరమ్మ దాన్ని సీసాల్లో పెంచాలని చూసింది. పెరగడం లేదు. మనిషి పేగుల్లో తప్ప బతకనంటోంది. కాబట్టి స్వరూప దగ్గర తీసుకుని, శుభ్రం చేసి, గొట్టాల్లో నింపి, వెంటనే మరొకరి పేగుల్లోకి ఎక్కించాలి. ఇంకొకరిలో అది నిలదొక్కుకునేదాకా ఊరు మొత్తానికీ ఉన్న విత్తనం ఆమె ఒక్కతే.

ప్రతిసారీ ఆమెకు విరేచనాల మందు పడుతుంది. సిగ్గుతో చచ్చిపోతోంది పాపం. "నా దొడ్డి కోసం ఊరంత లైను కట్టింది, ఇగ నన్ను ఎవలన్న మొకం మీద సూస్తరా?" అంటుంది. మళ్ళీ అదే నోటితో డాక్టరమ్మతో బేరం పెట్టింది. వారానికి ఒక బకెట్ వేడినీళ్ళు ఇప్పించాలట, తలకు పోసుకోవడానికి. ఇప్పించారు. నా మొగుడే మొదలు తీసుకోవాలన్నది. అదీ ఒప్పుకున్నారు.

మొదటి గొట్టం నాకే వేశారు. కొన్నాళ్ళు కడుపులో యుద్ధం జరిగింది. ఆ తర్వాత ఒక పూట దిమ్మ తిన్నాక, ఎన్నో వారాల తర్వాత మొదటిసారి ఒళ్ళంతా వెచ్చగా అయింది. తిండి తిన్నట్టు అనిపించింది. పంపు చక్రం ఒంటి చేత్తో తిప్పాను.

ఇంటికొచ్చి చెబితే స్వరూప నా పొట్ట మీద చెవి ఆనించింది. "ఏమంటున్నరు మావోళ్ళు?"

"నీ లెక్కనే. ఊకె లొల్లి పెడుతున్నరు," అన్నాను.

చైత్రం, చివర

చిన్న పంపు బేరింగ్ అరుస్తోంది. గ్రీజు పెట్టాను.

మరో ఆరుగురికి ఇచ్చారు. ముగ్గురికి నిలబడలేదు. వాళ్ళకు మళ్ళీ ఇవ్వాలి. ఆ ముగ్గురిలో తబిత ఉంది. కడుపులో బిడ్డ ఎదగడం లేదని డాక్టరమ్మ నాతో రహస్యంగా అన్నది. నా నుంచి తీసుకోవచ్చేమోనని చూశారు. నాలో ఇంకా బలంగా లేదట.

వంటశాల దగ్గర ఒక మాట విన్నాను ఇవాళ. ఒక ముసలామె ఇంకొకామెను అడుగుతోంది: "నీకు స్వరూప పడ్డదా?"

"పడ్డదక్కా. నిన్నటి సంది మంచిగ అరుగుతున్నది."

సూక్ష్మజీవి అనలేక ఆమె పేరే పెట్టేశారు. డాక్టరమ్మ కూడా గొట్టాల మీద అదే రాస్తోంది. స్వరూపకు చెబితే మూతి ముడుచుకుంది కానీ, అద్దం ముందు నిలబడి జడ వేసుకుంటూ తనలో తనే అనుకోవడం నాకు వినపడింది. "స్వరూప పడ్డదా, స్వరూప పడ్డదా." అని నవ్వుకుంది.

వైశాఖం

తొట్టి అంచు రేకు ఆమె అరచేతిలో దిగింది. చిన్న గాయమే. గుడ్డ కట్టుకుని పనికి వెళ్ళింది.

వైశాఖం, తర్వాతి వారం

చెయ్యి మణికట్టు దాకా వాచింది. జ్వరం. గాయంలో ఇంకో రకం చేరిందని డాక్టరమ్మ అన్నది, ఈసారి చెడ్డది. మందు ఉంది. పాత నిల్వే అయినా పనిచేస్తుంది. కానీ ఆ మందు మంచీ చెడూ చూడదు. రక్తంలో దాన్నీ చంపుతుంది, పేగుల్లో దీన్నీ చంపుతుంది.

నేను వెంటనే వేయమన్నాను.

స్వరూప ఆగమన్నది. "తబితకు ఇంకోసారి ఇచ్చినంక ఏసుకుంట. ఒక్క వారం. ఇప్పుడు నాది సచ్చిపోతే మల్ల మొదటికెల్లి ఎవలిస్తరు? నువ్విస్తవా, నీదింక పసిపిల్ల."

"నీకు జరమున్నదే!"

"నాకు జరాలు కొత్తనా? చిన్నప్పుడు నెల రోజులు పండుకున్న, సచ్చిన్నా?"

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. వారం ఆగడం కష్టం, నాలుగు రోజులు ఆగి చూద్దాం, వాపు పైకి పాకితే ఆ క్షణమే మందు వేస్తానన్నది. ఆమె కళ్ళల్లో ఊరంతా ఉంది. నాకు కోపం వచ్చింది, కానీ నేను కూడా ఆ పక్క గది గోడకు అవతల తబిత దగ్గు వింటూనే ఉన్నాను. స్వరూపకు ఏమీ కాదని ముగ్గురం అనుకున్నాం. నిజంగా అనుకున్నాం. ఎవరం త్యాగాలు చేస్తున్నట్టు లేం. ఒక నల్లా కట్టేసి రెండో నల్లా విప్పేముందు నాలుగు రోజులు ఆగుదామన్నట్టే మాట్లాడుకున్నాం.

తబితకు మూడో రోజు ఇచ్చారు.

వైశాఖం

వాపు భుజం దాకా పాకింది. మందు మొదలుపెట్టారు. స్వరూప నన్ను గుర్తుపడుతోంది కానీ, తొట్లకు దీపాలెందుకు ఆర్పారని అడుగుతోంది. ఆర్పలేదు అంటే వినదు. జడ చిక్కుపడితే నేనే విప్పాను. నాకు రాదు. నొప్పి పుడితే తిట్టింది. ఆ తిట్టు విని సంతోషపడ్డాను, మనిషి కోలుకుంటోందని.

వైశాఖం

స్వరూప పోయింది.

పంపు చూడలేదు.

జ్యేష్ఠం

పంపులు నడుస్తున్నాయి. నేను లేని రోజుల్లో కమిటీ వాళ్ళు ఎవరినో పెట్టారు, బేరింగ్ కాల్చేశాడు. కొత్తది వేశాను.

ఎండాకాలం కదా, పైకి తీసుకుపోవడానికి లేదు. బొగ్గు అయిపోయిన పాత గల్లీలో పడుకోబెట్టి మట్టి కప్పాం. ఊరంతా వచ్చింది. తలగడ కోసిన నలుగురూ వచ్చారు. వాళ్ళే తవ్వారు.

తబితకు పడింది. మిగతావాళ్ళకూ పడింది. వాళ్ళ నుంచి ఇంకొందరికి, వాళ్ళ నుంచి మరికొందరికి. ఇంతమందిలో బతికి రాటుదేలింది, ఇప్పుడు గొట్టాలు కూడా అక్కర్లేదు, ఒక కంచంలో తిన్నవాళ్ళకు దానంతటదే పాకుతోంది. బుగ్గలు నిండుతున్నాయి. పిల్లలు గల్లీలో పరుగెత్తుతున్నారు. పొద్దున్నే ఎదురుపడిన మనిషిని మంచిగున్నవా అని అడిగే బదులు స్వరూప మంచిగున్నదా అని అడగడం అలవాటైపోయింది జనానికి.

మొన్న ఒకాయన అలవాటులో నన్నే అడిగాడు. అడిగి నోరు మూసుకున్నాడు.

"మంచిగనే ఉన్నది," అన్నాను.

ఇంటికొచ్చి దిమ్మ తిన్నాను. తిన్నాక ఎప్పటిలాగే కడుపులో చిన్నగా చప్పుడయింది. చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. తెలివి తక్కువ పనే. అయినా రోజూ చేస్తున్నాను.

శ్రావణం, ఆ మరుసటేడు

వానలొచ్చాయి. పైకెక్కి వరి వేసి వచ్చాం.

తబిత కూతురు మహిమ నడుస్తోంది. అది నడిచే మొదటి చోటు మా గది. అడ్డం పెట్టినా దూరి వస్తుంది. నా గిన్నెలో చెయ్యి పెట్టి తింటే గానీ దానికి తిన్నట్టు ఉండదు. స్వరూపను తబిత అక్కా అనేది కాబట్టి నన్ను బావా అంటుంది. ఆ లెక్కన మహిమ నన్ను పెద్దబాపు అనాలని నేర్పింది. అది బాపు అనే భాగం మింగేసి, పెద్దా, పెద్దా అని పిలుస్తుంది.

పంపు హోరులో కూడా ఆ పిలుపు వినపడుతుంది నాకు.

ఆశ్వయుజం, ఇంకో ఏడు గడిచాక

ఈ మధ్య ఏమీ రాయలేదు. రాయాల్సింది లేకపోయింది. ఇప్పుడు ఉంది.

మూడో గల్లీలో ఇద్దరు పిల్లలకు రక్త విరేచనాలు. తర్వాత రెండో గల్లీలో నలుగురికి. పెద్దవాళ్ళకు కడుపు పట్టేసినట్టుంది, అంతే. పిల్లలు మాత్రం వాడిపోతున్నారు. డాక్టరమ్మ ఇంట్లోంచి బయటకు రావడం లేదు, పరీక్షలు చేస్తోంది.

కార్తీకం

ఒక పసివాడు చనిపోయాడు.

డాక్టరమ్మ నన్ను ముందుగా పిలిచింది, ఊరికి చెప్పేలోపు. కూర్చోమన్నది. నేను కూర్చోలేదు.

"ఓదెలన్నా, మన సూక్ష్మజీవి మారింది. ఇంతమందిలో, ఇన్ని తరాలు పుట్టి పెరిగింది కదా. వాటికి ఒక పూటంటే మనకు ఒక తరం లెక్క. మారేటప్పుడు ఎక్కడో ఒక విషం చేయడం నేర్చుకుంది. పెద్దవాళ్ళు తట్టుకుంటున్నారు. పసి పేగులు తట్టుకోవడం లేదు."

"ఇప్పుడేం చేస్తరు?"

"దక్షిణం వైపు బాయి వాళ్ళ దగ్గర ఇంకో రకం ఉంది. వానాకాలంలో తెచ్చుకున్నాను, అది సీసాల్లో కూడా పెరుగుతుంది. అది దిమ్మను అరిగిస్తుంది, ఏ హానీ చేయడం లేదు. కానీ ముందు ఇది పోవాలి. అందరిలోంచీ పోవాలి. ఒక్కరిలో మిగిలినా మళ్ళీ పాకుతుంది." చేతిలోని గొట్టం పక్కన పెట్టి, "దీన్ని ఇంతవరకూ మనం పిలిచిన పేరు... నేను ఎక్కడా రాయను ఇక. మాట ఇస్తున్నా," అన్నది.

ఆమె రాయకపోతే ఏం? ఊరి నోరు ఊరిది.

కార్తీకం, చివర

వంటశాలలో ఒక తల్లి పిల్లవాణ్ణి చరిచింది. "చెయ్యి కడుక్కోకుంట తింటవా? స్వరూప తగులుతది!"

పడ్డది అనేవాళ్ళు. ఇప్పుడు తగిలింది అంటున్నారు. మూడో గల్లీ మొదట్లో సుద్దతో గోడ మీద రాశారు: స్వరూప ఉన్నది, రావద్దు. ఆ అక్షరాల ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చెరపలేదు. లోపల నిజంగా జబ్బు పిల్లలున్నారు.

బిడ్డను పోగొట్టుకున్న తండ్రి నాకు ఎదురుపడ్డాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. నేను ఆయన దగ్గరకు వెళ్ళాలనుకున్నాను. వెళ్ళి ఏమనాలి?

మార్గశిరం

మాత్రలు పంచారు. లైనులో నిలబడి తీసుకున్నాను. నీళ్ళు తాగాను. మాత్ర నాలుక కింద ఉంచుకుని, పంపు గదికి వచ్చి ఉమ్మేశాను.

ఆమె దుస్తులు పంచేశాను. ఆమె దువ్వెన పళ్ళు విరిగిపోతే ఎక్కడో పడేశాను. ఫోటో ఎప్పుడూ లేదు. నాకు పిల్లలు లేరు. మిగిలింది ఇదొక్కటే, నా కడుపులో. ఆమెలో పుట్టి నాలోకి వచ్చింది. పిల్లలకు దూరంగా ఉంటాను, నా గిన్నె నేను విడిగా కడుక్కుంటాను, ఎవరికీ ఏమీ కాదు, అనుకున్నాను.

తలుపు గడియ పెట్టుకుంటున్నాను. మహిమ వచ్చి తలుపు కొడుతుంది. పెద్దా, పెద్దా అని. పలకను. కాసేపు కొట్టి వెళ్ళిపోతుంది.

పుష్యం

బాయి మొత్తం శుభ్రమైందన్నారు. గోడ మీది సుద్ద కడిగేశారు. కొత్త రకం అందరికీ ఇచ్చారు. నాకూ ఇచ్చారు కానీ, నాలో పాతవి దాన్ని నిలవనిచ్చి ఉండవు.

నిన్న మళ్ళీ రక్త విరేచనాలు, ఈసారి మహిమకు.

అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మొన్న పంపు గదిలో గడియ వేయడం మరిచాను. నేను వంగి వాల్వు తిప్పుతుంటే అది వెనకనుంచి వచ్చి, మూలన నా గిన్నెలో మిగిలిన దిమ్మ ముక్క నోట్లో పెట్టుకుంది. లాక్కునేలోపే మింగింది. నవ్వింది కూడా, గెలిచినట్టు.

ఇవాళ తబిత వచ్చింది. పిల్లను భుజాన వేసుకుని ఉంది. మహిమ కళ్ళు సగం మూసుకుపోయి ఉన్నాయి, నన్ను చూసి చెయ్యి ఎత్తబోయి దించేసింది.

"బావా, ఒక మాట అడుగుత. తప్పు పట్టుకోకు. నువ్వు మాత్ర ఏసుకున్నవా?"

"ఏసుకున్న," అన్నాను.

తబిత గోడకు ఆనుకుని నిలబడింది. "అక్క ఆ నాలుగు రోజులు నా కోసమే ఆగిందని నాకెరుకనే బావా," అన్నది. "నేను అడగలేదు. ఆగుతుందని నాకు అప్పుడు ఎవ్వలు చెప్పలేదు. చెప్తే వద్దందునో లేదో, ఇప్పటికీ నాకు తెలుస్తలేదు. ఆమె పేరు ఎవలన్న చెడ్డగ అంటే నాకు పాణం పోయినట్టుంటది. కానీ ఇది నా బిడ్డ."

"ఏసుకోలేదు తబితా," అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పిల్లను ఇంకో భుజానికి మార్చుకుని వెళ్ళిపోయింది.

పుష్యం, అదే వారం

డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళి అంతా చెప్పాను. ఆమె కూడా తిట్టలేదు. మాత్రల సీసా తీసి బల్ల మీద పెట్టింది. నేను అడిగాను.

"నా కడుపుల ఉన్నవాటిల్ల ఆమెది ఏమన్న ఉన్నదా డాక్టరమ్మా? ఏమన్న. కొంచెమన్న."

ఆమె అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "లేదు ఓదెలన్నా. అవి ఆమె దగ్గర బతికాయి, అంతే. ఆ పేరు మన నోట్లోంచి వచ్చింది. వాటికి ఆమె ఎవరో తెలియదు."

"ఒక్కసారి సూడొచ్చునా?"

నా నుంచి తీసిన చుక్కను గాజు పలక మీద వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, నన్ను కూర్చోబెట్టింది. ముందు నా కనురెప్పలే కనపడ్డాయి. తర్వాత వెలుతురు. తర్వాత అవి. పొట్టి పొట్టి కడ్డీల్లా ఉన్నాయి. కొన్ని రెండు రెండుగా అంటుకుని ఉన్నాయి. కొన్ని ఊరికే ఉన్నచోటే వణుకుతున్నాయి, ఒకటి మాత్రం ఎక్కడికో పని మీద పోతున్నట్టు ఆ చివర నుంచి ఈ చివరకు ఈదుకుంటూ పోయింది. మూడేళ్ళుగా వీటి మీద చెయ్యి పెట్టుకుని మాట్లాడాను నేను. ఇప్పుడు చూస్తే నాకు ఎవరూ తెలిసినవాళ్ళు లేరు అక్కడ. అయినా లేవబుద్ధి కాలేదు. కన్ను నొప్పి పుట్టేదాకా చూశాను. నన్ను బతికించాయి. ఊరిని బతికించాయి. ఒక పసివాణ్ణి చంపాయి. ఏదీ కావాలని చేయలేదు.

"డాక్టరమ్మా, మీరు మొదట ఆ మాటకు అర్థం చెప్పిన్రు గదా. కంటికి కనపడని పాణి, అంతేనని. మేమే వినలేదు," అన్నాను.

ఆమె గ్లాసులో నీళ్ళు పోసింది. మాత్ర మింగాను. నోరు తెరిచి చూపించాను, నాలుక ఎత్తి కూడా. ఆమె చూడనక్కర్లేదన్నట్టు తల పక్కకు తిప్పుకుంది. ఏడుస్తోందని తర్వాత తెలిసింది.

మాఘం

మాత్రలు అయ్యాయి. పరీక్షలో ఏమీ లేదన్నారు. కొత్త రకం పడింది. దిమ్మ అరుగుతోంది. కడుపులో చప్పుడు లేదు, ఇది నిశ్శబ్దంగా పని చేసుకుపోయే రకంలా ఉంది.

మహిమ కోలుకుంది. బక్కగా ఉంది. తబిత ఇప్పుడు దాన్ని నా దగ్గరకు పంపడం లేదు. నేనూ అడగలేదు. గల్లీలో దూరం నుంచి చూస్తాను.

పాత గల్లీకి వెళ్ళి వచ్చాను. మట్టి గట్టిపడింది. అక్కడ కూర్చుని ఆమెకు చెప్పాలనుకున్నాను, ఇట్లా చేశానని. చెప్పలేకపోయాను. పంపు హోరు అక్కడిదాకా వినపడుతుంది.

చైత్రం

పెద్ద పంపు గ్లాండులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇరుసుకు చుట్టే తాడు మార్చాలి.

వంటశాలలోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది, దక్షిణం బాయి నుంచి. ఇక్కడి కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంది. లలిత అట పేరు. పుట్టడమే కింద పుట్టింది, పైన వానాకాలం తప్ప ఏమీ చూడలేదు. నా కంచంలో దిమ్మ వేస్తూ, పక్కామెతో ఏదో మాట్లాడుతూ, "మా దగ్గర ఎన్నడు స్వరూప రాలేదు, మేం మొదటి సంది శుభ్రంగ ఉంటం," అన్నది.

పక్కామె ఆమె చెయ్యి గిల్లింది. కళ్ళతో నన్ను చూపించింది. ఆ పిల్లకు అర్థం కాలేదు. నేను తిని, కంచం కడిగి ఇచ్చే దాకా నన్నే చూస్తూ ఉంది. అప్పుడు దగ్గరకు వచ్చి అడిగింది.

"పెద్దయ్యా, నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

"లేదు బిడ్డా. స్వరూప నా భార్య."

"మనిషి పేరా అది?" ఆ పిల్ల మొహం తెల్లబోయింది. "మాకు రోగం పేరనే చెప్పిన్రు."

"మనిషే."

ఆ పిల్ల చేతిలో గరిట పట్టుకుని అలాగే నిలబడింది. వెళ్ళలేదు. "ఎట్లుండేది?" అన్నది.

ఏం చెప్పాలి? ఊరికి ఆమె ఏమిచ్చిందో చెప్పొచ్చు. దాని వల్ల ఏమైందో చెప్పొచ్చు. ఆమె పేరుతో మూడేళ్ళుగా ఊరు చెప్పుకున్న మాటల్లో ఒక్కటీ ఆమెది కాదు. నోరు తెరిస్తే నాకే తెలియకుండా ఇంకేదో వచ్చింది.

"ఆమెకు ఈతొచ్చు," అన్నాను. "అందరం కిందికి దిగకముందు, పైన చిన్నగున్నప్పుడు, వాళ్ళ చేను బావిల నేర్చుకున్నదట. మొగపిల్లలందరు గట్టు మీద నిలబడి భయపడుతుంటే ఈమెనే ముందు దుంకేదట."

లలిత నా వైపు చూసింది. "ఈతంటే ఏంది పెద్దయ్యా?"

కంచం పక్కన పెట్టాను. అక్కడే, వంటశాల మధ్యలో, రెండు చేతులూ ముందుకు చాపి, నీళ్ళను పక్కకు తోసినట్టు తోసి చూపించాను. ఒకసారి, ఇంకోసారి. ఆ పిల్ల గరిట కింద పెట్టి, చూసి, తనూ చేతులు చాపింది.